యోహాన్ మేస్త్రీ చెయ్యి

గాజువాకలో ఒక గేట్ల షాపు. మిట్టమధ్యాహ్నం షట్టరు దించేశారు. లోపల ముగ్గురు: ఓనరు దేవీప్రసాద్, వెల్డింగు మేస్త్రీ యోహాన్, ఓనరు సొంతూరి మనిషి సింహాద్రి. ఇనుము కదలకుండా పట్టుకునే వైసు బల్లకి బిగించి ఉంది. దాని దవడల మధ్య ఇప్పుడు యోహాన్ కుడిచేతి వేళ్ళున్నాయి. పిడి సింహాద్రి చేతిలో ఉంది. యోహాన్ ఫోను ఓనరు చేతిలో ఉంది.

“పాస్‌వర్డు సెప్పు.”

“సెప్పనన్నా.”

“సింహాద్రీ, పావు సుట్టు తిప్పు.”

“తిప్పినాను బాబు.”

“అమ్మా... అన్నా, ఏళ్ళు. ఏళ్ళన్నా.”

“ఏళ్ళని నాకూ తెల్సు. ఇరవై రెండు వేల మంది సూత్తన్నారంట గదా ఈ ఏళ్ళని. ఎవడి మిషను? ఎవడి కరెంటు? నా షాపులో నిలబడి, నా ఇనుముకి మంటెట్టి, వీడియో తీసి నీ పేజీలో ఎట్టుకుంతావా?”

“మొకం ఎట్టనేదన్నా. ఉత్తి సేతులే. అతుకు ఎలాగ ఏత్తన్నానో అదే ఎట్టినాను.”

“అదే నానూ సెప్తన్నాది. బోర్డు మీద దేవీప్రసాద్ అని ఉంది. వచ్చినోడల్లా యోహాన్ ఉన్నాడా, యోహాన్ ఉన్నాడా. నిన్న గేటు కోసం వచ్చిన ఆ లెక్చరర్ ఏటన్నాడు? మీరు కూకోండి, నాను మేస్త్రీతో మాటాడుకుంతాను అన్నాడు. నా కుర్చీలో నన్ను కూకోమన్నాడు.”

“ఆయన మర్యాదకి అన్నాడన్నా.”

“సింహాద్రీ.”

“తిప్పమంతారా బాబు?”

“ఆగు. సెప్తాడు.”

“అన్నా, షాపుకీ ఒక పేజీ ఉండేది గదా. మీ సేతికే ఇచ్చినాను. ఏటి సేసినారు దాన్ని?”

“ఏటి సేసినాను?”

“భ్రమరాంబ గారు గేటు కిర్రుమంతందని రాస్తే మీరేటి రాసినారు?”

“మీ ఆయన కిర్రుమనడా అని రాసినాను. తప్పేటుంది? గేటు మడత బందులకి సుక్క నూనె ఎయ్యదు, వంకలెడతాది.”

“ఊరంతా సూసింది అది. మర్నాటి నుంచి ఒక్కరు రానేదు. ఏడాది పట్టిందన్నా... అబ్బా... ఒక్కొక్కరికీ జవాబు రాసి మల్లీ తెచ్చుకోడానికి. గేటెట్టిన ఆర్నెల్లకి, ఆదోరం చర్చి అయ్యేక, ఆళ్ళ ఇళ్ళకెల్లి బందులు సూసొచ్చినాను. ఆళ్ళందరూ ఇప్పుడు నా పేజీలోనే ఉన్నారు. మీకిస్తే మల్లీ తిడతారు.”

“అంటే నాను పనికిరాను.”

“ఆ మాట నాననేదు.”

“అన్నావు. నా వైసులో సెయ్యెట్టుకుని నన్నే అన్నావు. సింహాద్రీ, తిప్పు.”

“తిప్పినాను బాబు.”

“దీనా... దీనా అని కొట్టండి. మా పాప పేరు. పక్కన పదకొండు. అన్నా, కొంచెం వొదులు సెయ్యమనండన్నా.”

“కూతురు పేరుకేనా ఇంత గోల? సింహాద్రీ, రగతం కిందకి కారకుండా సూడు, రంగేసిన తలుపులున్నాయి.”

“అలాగే బాబు. యోహానూ, కదపకు. కదిపితే ఇంకా నొప్పెడతాది.”

“సింహాద్రి మావా, పొద్దున్న నా కేరేజీలో కూర నంజుకున్నావు...”

“నంజుకున్నాను. బాబు తిప్పమంతన్నారు, నానేటి సెయ్యను?”

“నోర్ముయ్యండి ఇద్దరూ. ఇదేటి, మెసేజుల్లో... మోహన్ అంట. ఎవడీడు?”

“బిల్డరన్నా. దువ్వాడ అవతల ఇళ్ళు కడతన్నాడు.”

“రెండొందల గేట్లు. ఒరే, రెండొందల గేట్లు. ‘మీ చేతే చేయించాలని మేమంతా అనుకున్నాం.’ మీ సేతే. ఎన్నాళ్ళై నడస్తంది ఈ బాగోతం?”

“ఇంకొంచెం పైకెల్లి సదవండన్నా. ఆ పని మన షాపుకే. నాను...”

“మన షాపు. ఏళ్ళు నలిగేసరికి మన షాపయిపోనాది.”

“ఏసయ్య మీద ఒట్టన్నా. కాయితం కాయమయ్యేక మీకు సెప్దామని... పైకి సదవండి, పైన...”

“సదివేదేటి? ఎదర సందులో షెడ్డెయ్యాలనుకున్నావు. నా గిరాకీ అంతా ఈ ఫోన్లో కట్టుకుని ఎల్లిపోదామనుకున్నావు. ఏ సేత్తో ఏత్తావో సూత్తాను. సింహాద్రీ, ఈసారి పావు కాదు, పూర్తి సుట్టు.”

“పూర్తిగానా బాబు?”

“తెలుగులోనే సెప్పినాను గదా. ఇదిగో, మోగతంది. ఆడే, మోహన్. ఈడి నోట్లో గుడ్డ కుక్కు. కుయ్యనకూడదు.”

“హలో, యోహాన్?”

“నమస్కారం సార్. నాను షాపు ఓనర్నండి, దేవీప్రసాద్‌ని. మా యోహాన్ పనిలో ఉన్నాడు.”

“దేవీప్రసాద్ గారా. మంచిదైంది. ఆర్డరు కాగితం మీ షాపు పేరుతో సిద్ధం చేశాం.”

“మా షాపు పేరుతోనా అండి?”

“యోహాన్ పట్టుబట్టాడు. నేనైతే సొంతంగా షెడ్డు వేయిస్తాను, వచ్చెయ్యమన్నాను. రానన్నాడు. ఇనుము పట్టుకోడం నాకు నేర్పింది మా ఓనరన్నే, ఆయన పేరున రాస్తేనే చేస్తానన్నాడు. మెసేజుల్లో అంతా ఉందిగా, మీకు చూపించలేదా?”

“సూపించాడండి. ఇప్పుడే... ఇప్పుడే సూత్తన్నాను.”

“మాది ఒక్కటే షరతు. అతుకులన్నీ అతనే వెయ్యాలి. మా పార్టనర్లు ఏడాదిగా ఆ వీడియోలు చూస్తున్నారు. మొహం చూపిస్తే గుర్తుపట్టరు గానీ, ఆ చెయ్యి ఎక్కడున్నా గుర్తుపడతారు. అందరం ఇక్కడే కూర్చున్నాం. వీడియో పెట్టి ఒక్క అతుకు వేయించండి, మీ షాపులోనేనని వీళ్ళకి నమ్మకం కుదురుతుంది. సంతకాలు పెట్టేస్తారు.”

“అలాగే సార్. ఒక్క నిమిషం. లైన్లోనే ఉండండి, ఒకే ఒక్క నిమిషం... సింహాద్రీ. ఒరే సింహాద్రీ, విప్పు. గుడ్డ తీసీ. నీల్లు తే. తొరగా విప్పహే, ఆ సెయ్యి బయటికి తియ్యి.”

“విప్పడానికేటుంది బాబు. తమరు పూర్తి సుట్టు అన్నారు గదా, ఫోన్లో ఉండగానే తిప్పీసినాను. కుయ్యననియ్యనేదు.”