ముందు తీసుడు, తర్వాత పెట్టుడు

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదవ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీ బుధవారం ఉదయం, ఎడతెగని వానలో, భోపాల్‌పట్నం నుంచి రెండు జీపులూ ఒక బస్సూ మారి దంతెవాడ మీదుగా మా గని పట్టణానికి చేరుకొని, తడిసిన నియామక పత్రాన్ని వాహన మరమ్మతు శాల బల్ల మీద ఆరబెట్టి, అది పూర్తిగా ఆరిన తరువాతనే సంతకం చేసి ఉద్యోగంలో చేరిన ఇరవై రెండేళ్ల సహాయక మెకానిక్ శ్రీ పబ్బ హరిప్రసాద్ గారు, ముప్పై ఏడున్నర సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, సీనియర్ ఫోర్‌మన్ హోదాలో ఈ ఫిబ్రవరి ఇరవై ఎనిమిదవ తేదీన పదవీ విరమణ చేస్తున్న శుభ సందర్భంలో ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. భాగ్యమని మర్యాదకు అన్నాను గానీ, ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్నే ఎందుకు ఎంచుకున్నదో నాకు తెలియకపోలేదు. ఆయనతో ముప్పై నాలుగేళ్లుగా ఒకే విషయం మీద వాదించి, ప్రతిసారీ ఓడిపోయినవాడిని ఈ శాలలో నేనొక్కడినే.

ఆ విషయమేమిటో శాల సభ్యులందరికీ తెలుసు. కుటుంబ సభ్యుల సౌకర్యార్థం చెబుతాను. బండి వేగంగా పోవాలంటే ఇంజనుకు బలం పెంచాలని నా సిద్ధాంతం. బండి బరువు తగ్గించాలని వారి సిద్ధాంతం.

హరిప్రసాద్ గారి తండ్రిగారు కీర్తిశేషులు పుల్లయ్య గారు భోపాల్‌పట్నంలో చింతపండు, ఇప్పపువ్వు కొనే వర్తకులు. ఖాళీ గోనె తూచనిదే సరుకు తూచవద్దన్నది ఆ దుకాణంలో నియమం. తండ్రిగారి అనంతరం దుకాణం మూతపడినప్పుడు అన్నదమ్ములు తలొక వస్తువూ తీసుకోగా, మన హరిప్రసాద్ గారు బస్తాలు తూచే కాంటాను లారీ మీద వేయించుకొని మా శాలకు తెచ్చారు. నాటి నుంచి నేటి వరకు ఈ శాలలో ఏ బండి నుంచి ఏ వస్తువు ఊడదీసినా ముందు కాంటా ఎక్కాలి, తరువాత ఉత్తరపు గోడ మీద సుద్దముక్కతో మూడు గడులు నింపాలి: వస్తువు, బరువు, తీసినవారు. తీసినవారి పేరు లేకుండా వస్తువును గోడ మీద రాయడానికి వీల్లేదు. "పేరు రాసినోడు మల్ల అడిగితే జవాబు చెప్పాలె గదా," అనేవారు.

తొంభై నాలుగులో మా ఆసుపత్రి అంబులెన్సు కొండదారి ఎక్కలేక ఆయాసపడుతుంటే, కొత్త ఇంజను కావాలని నేను మూడు పుటల అర్జీ సిద్ధం చేశాను. దాని మీద పైవారి సంతకం పడకముందే హరిప్రసాద్ గారు బండిని ఖాళీ చేయించారు. సీటు కింద నుంచి రెండు పాత బ్యాటరీలు, అరబస్తా సిమెంటు, ఎవరిదో తెలియని తిరుగలి, ఏనాడో మార్చిన లారీ స్ప్రింగు పట్టీలు బయటపడ్డాయి. నూట పదమూడు కిలోలు. మరుసటి ఉదయం అంబులెన్సు కొండెక్కింది. నా అర్జీని వెనక్కు తిప్పి కాంటా లెక్కలు రాసుకోవడానికి వాడుకున్నారు. మూడు పుటలూ వాడారు.

రెండు వేల మూడులో చార్జిమన్‌గా, పదకొండులో ఫోర్‌మన్‌గా పదోన్నతులు పొందిన వారి సేవలలో శిఖరప్రాయమైనది రెండు వేల తొమ్మిదిలో పాత షెడ్డులో ప్రారంభించిన సాయంకాల శిక్షణ తరగతి. బీజాపూర్, సుక్మా పల్లెల నుంచి వచ్చిన యువతీ యువకులకు, తెలుగు వచ్చినవారికి తెలుగులో, రానివారికి హిందీలో, రెండూ రానివారికి చేతులతో, వారు మెకానిక్ పని నేర్పారు. తర్రెం నుంచి వచ్చిన దేవే అనే అమ్మాయి ఆ షెడ్డులోనే నేర్చుకొని, ఈనాడు మా శాలలో డంపరు బ్రేకులు చూసే తొలి మహిళా మెకానిక్‌గా పనిచేస్తున్నది.

ఇక, చెప్పకపోతే మీరెవరూ నన్ను భోజనానికి కూర్చోనివ్వని సంగతి.

మా పట్టణ వార్షికోత్సవంలో కొండదారి మీద కార్ల పందెం జరుగుతుంది: నాలుగు కిలోమీటర్ల ఎగువ దారి, పదకొండు మలుపులు, ఒక్కొక్క కారుగా పరుగు. ఎవరో అధికారి వాడి వదిలేసిన ఒక సెడాన్, ఒకప్పుడు వేగానికి పేరుపడినది, శిక్షణ కోసం షెడ్డుకు వచ్చింది. రెండు వేల పద్దెనిమిదిలో దానిని పందానికి సిద్ధం చేసే బాధ్యత నేను పట్టుబట్టి తీసుకున్నాను. టర్బో బిగించాను. నూట ఇరవై గుర్రాల బలం నూట డెబ్బై అయింది. ఆ మోత వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది, దాచుకోవడమెందుకు? ఏడవ మలుపులో క్లచ్ మాడి, గేరుబాక్సు పగిలి, కారును తాడు కట్టి లారీతో దించుకున్నాము. ఊరంతా రోడ్డుకు రెండు వైపులా నిలబడి చూసింది.

హరిప్రసాద్ గారు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అన్నది మేనేజరు గారు: "వచ్చే ఏడు కూడా తాడు కట్టి దించారంటే ఆ షెడ్డులో పాత టైర్లు పెట్టిస్తాను. క్లాసు బంద్." అప్పటికి షెడ్డులో పద్నాలుగు మంది సగం పని నేర్చుకొని ఉన్నారు.

ఆ పద్నాలుగు మందినీ వెంటబెట్టుకొని హరిప్రసాద్ గారు కారు ముందు నిలబడ్డారు. "బలం పెంచినవనుకో, గేరుబాక్సు గట్టిది కావాలె. అది బరువెక్కుతది. బరువెక్కితే బ్రేకులు పెద్దయి కావాలె. బ్రేకులు పెరిగితే చక్రాలు పెరుగుతయి. మల్ల బలం చాలదు. గిది ఎన్నటికన్న ఒడిసేదేనా? ముందు తీసుడు, తర్వాత పెట్టుడు," అన్నారు. నా టర్బోను తొలి వస్తువుగా కాంటా ఎక్కించారు. వెనుక సీటు, ఏసీ యంత్రం, అదనపు చక్రం, స్పీకర్లు, తలుపుల లోపలి అట్టలు, చప్పుడు రాకుండా నేలకు అంటించిన తారు పలకలు, ఒక్కటొక్కటిగా గోడకెక్కాయి. నూట యాభై రెండు కిలోలు! చివరికి ఒకనాడు, కారు బోల్తా పడినా మనిషి మీద పైకప్పు కుంగకుండా ఇనుప గొట్టాల పంజరం ఒకటి వారే స్వయంగా వెల్డింగు చేసి లోపల బిగించారు. దాని బరువు ముప్పై ఒక్క కిలోలు.

"ఉస్తాద్, అన్నీ తీసి మళ్లీ ఇదెందుకు పెడుతున్రు?" అని కారు నడపవలసిన దేవే అడిగింది.

"లోపల నువ్వుంటవు గదా బిడ్డా. మనిషిని కాచేటిది బరువుల లెక్కకు రాదు," అన్నారు.

పందెంలో నడిపేవారి పక్కన మలుపులు చదివి చెప్పేవారొకరు కూర్చోవాలి. ఆ స్థానం నాది. టర్బో పోయిన దుఃఖాన్ని ఆ ఒక్క ఆశతో దిగమింగి, కొత్త చొక్కా కుట్టించుకొని, మలుపులు కంఠస్థం చేసి, పందెం నాటి ఉదయం ఎనిమిదింటికే శాలకు వెళ్లాను. హరిప్రసాద్ గారు కాంటా పక్కన నిలబడి ఉన్నారు.

"ఏంది ఉపేంద్రా, ఒకపాలి ఎక్కు," అన్నారు.

ఎక్కాను. తొంభై ఒకటి.

అప్పుడు స్టోరులో సామాను ఇచ్చే ప్రవీణను పిలిచారు. ఆమె ప్రతిరోజూ కొండమీది గనికి పోయే బస్సులో ముందు సీటులో కూర్చొని వెళ్తుంది గనుక, ఆ దారి ఆమెకు నిద్రలో కూడా తెలుసు. "స్టోర్లో బోల్టులిచ్చేదాన్నండి, నాకు కారు పందేలేంటండి బాబూ," అంటూనే ఆమె కాంటా ఎక్కింది. నలభై ఏడు.

"నెల దినాలు తిప్పలపడి అట్టలు, స్పీకర్లు, తారు పలకలు పీకితే నలభై కిలోలు కూడా రాలె. నువ్వొక్కనివి దిగితే నలభై నాలుగు," అన్నారు హరిప్రసాద్ గారు.

"సన్నగా ఉండాలంటే మీరే ఎక్కండి, మీకేం తక్కువ?" అన్నాను, గొంతు పెంచే.

"నాకూ ఎక్కాలనే ఉండె. పొద్దుగాల్నే తూగిన. యాభై ఎనిమిది. పిల్లకంటే పదకొండు ఎక్కువ," అన్నారు. సుద్దముక్క తీసుకొని గోడ మీద రాశారు: వస్తువు, ఉపేంద్ర. బరువు, 91. తీసినవారు, హరిప్రసాద్. పద్నాలుగు మంది పిల్లలూ పగలబడి నవ్వారు. నేను కొండపైకి, గమ్యం గీత దగ్గరకు, లారీలో వెళ్లాను. దారిపొడవునా ఆయనను తిట్టుకుంటూనే వెళ్లాను.

జగదల్‌పూర్ నుంచి వచ్చిన పెద్ద ఇంజను కారు మాకు ముందు పరుగెత్తింది. తిన్నని దారిలో అది ఉరిమింది. మలుపు మలుపుకూ ముందే బ్రేకు నొక్కవలసి వచ్చింది. మూడు నిమిషాల పదకొండు సెకన్లు. తరువాత మా కారు. మోత లేదు. అది కనబడకముందే ప్రవీణ కేకలు వినిపించాయి: "ఎడమండీ! ఇప్పుడు కుడండీ! ఆపొద్దండీ!" ఆఖరి మలుపును దేవే ఎంత ఆలస్యంగా బ్రేకు తొక్కి తిప్పిందంటే, నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కారు గీత దాటింది. మూడు నిమిషాల తొమ్మిది సెకన్లు. నా కోపమంతా ఏమయిందో గాని, అందరికంటే ముందు ఎగిరి గంతేసింది నేనేనని సాక్షులు చెబుతారు.

మేనేజరు గారు అక్కడికక్కడే షెడ్డు కొనసాగుతుందని ప్రకటించారు. కాసేపటికి కొండపైకి వచ్చిన హరిప్రసాద్ గారు కారు ఎడమ తలుపు తెరిచి పట్టుకొని నన్ను పిలిచారు.

"ఎక్కు. దిగేటప్పుడు బరువే పనికొస్తది," అన్నారు.

ఆయన నడిపారు. పదకొండు మలుపులూ నేను చదివి చెప్పాను. అవన్నీ తెలిసిన మనిషి, తెలియనివానిలాగా వింటూ నడిపారు. ఆ ప్రయాణంలో నాకు కలిగిన ఆనందం ఏ పందెం గెలిచినా కలగదు. ఇంతకాలం వారికి ఈ మాట చెప్పలేదు, ఇప్పుడు అచ్చులో చెబుతున్నాను.

నాటి నుంచి షెడ్డులో ఇంకొక అరవై ఎనిమిది మంది పని నేర్చుకున్నారు. వచ్చే నెల నుంచి తరగతి బాధ్యత దేవే స్వీకరిస్తున్నది. తండ్రిగారి కాంటాను భోపాల్‌పట్నం తీసుకుపోతారేమోనని మేమంతా లోలోపల భయపడ్డాము గాని, హరిప్రసాద్ గారి సహధర్మచారిణి శ్రీమతి సావిత్రి గారు ఆ భయం తీర్చారు: "ఇంటికి తేవద్దని నేనే చెప్పిన. తెస్తే రోజూ నన్ను, వంటగిన్నెల్ని తూస్తడు."

గోడ మీద నా పంక్తి ఇప్పటికీ అలాగే ఉంది. చెరగబోయినప్పుడల్లా ఎవరో ఒకరు దిద్దుతున్నారు. చూడవచ్చిన అధికారులందరూ దాని దగ్గర ఆగి నవ్విపోతున్నారు. హరిప్రసాద్ గారు పదవీ విరమణ చేసే వేళకు దాని కింద ఇంకొక పంక్తి రాసి బాకీ తీర్చుకుంటానని నేను ఆరేళ్లుగా ఊరంతా చెప్పుకు తిరిగాను. మొన్న శాలలో పని ముగిశాక పిల్లలు నా చేతికి సుద్దముక్క ఇచ్చి చుట్టూ నిలబడ్డారు. వస్తువు అన్నచోట హరిప్రసాద్ అని రాశాను. బరువు అన్నచోట యాభై ఎనిమిది రాశాను. తీసినవారు అన్నచోట నా పేరు రాయడానికి చెయ్యెత్తి, అట్లాగే నిలబడిపోయాను. సుద్దముక్క దేవేకు ఇచ్చాను. ఆమె ప్రవీణకు ఇచ్చింది. అది శాలంతా తిరిగి మళ్లీ నా దగ్గరకే వచ్చింది. తీసినవారి పేరు లేకుండా వస్తువును గోడ మీద రాయడానికి వీల్లేదని నియమం పెట్టింది వారే గనుక, ఆ పంక్తిని నా చేతి రుమాలుతో తుడిచేశాను.

కనుక, హరిప్రసాద్ గారూ, మా గోడ లెక్క ప్రకారం తమరు ఇంకా బండిలోనే ఉన్నారు. దంతేశ్వరీ అమ్మవారి కరుణా కటాక్షాలతో, శ్రీమతి సావిత్రి గారి సాహచర్యంలో, తమరు నిండు ఆరోగ్యంతో, నిశ్చింతగా, నూరేళ్లకు పైబడి జీవించాలనీ, ఏటా పందెం రోజున తప్పక రావాలనీ, దిగువ దారిలో నా పక్కన కూర్చోవాలనీ మనసారా కోరుకుంటున్నాను. అప్పటికి నేను తొంభై ఐదు తూగినా ఏమీ అనకూడదు.

ఇట్లు,
ఉపేంద్ర,
ఫోర్‌మన్, వాహన మరమ్మతు శాల