మూర్తి సార్ తీసిన రేకు బస్సు ఫొటో

నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో, అంజన్ చాయ్ బండి దగ్గర శ్రీరామమూర్తి నోరు తెరిచాడంటే అందరి చాయ్‌లూ చల్లారాల్సిందే. ఆబిడ్స్‌లో ఫొటో స్టూడియో నడిపి, సెల్‌ఫోన్లొచ్చాక మూసేసిన మనిషి. ఇప్పుడు జనం ఇళ్లలో మూలపడ్డ పాత ఆటబొమ్మలకు ఫొటోలు తీసి, అలాంటివి ఏరికోరి కొనేవాళ్ల వెబ్‌సైటులో పెట్టి అమ్మిపెడుతున్నాడు. ఆ సాయంత్రం ఆయన కోపమంతా ఆ వెబ్‌సైటు మీదే. స్వర్ణ అమ్మిపెట్టమని ఇచ్చిన రేకు బొమ్మ బస్సుకు ఆయన తీసిన ఫొటోను సరిగ్గా లేదంటూ మళ్లీ తిప్పిపంపారు.

స్వర్ణకూ ఒళ్లు మండుతూనే ఉంది. సుల్తాన్ బజార్‌లో చీరలకు ఫాల్ కుట్టి బతుకుతుంది; ఆమె కుట్టుమిషన్ మోటారు కాలిపోయింది. చిన్నప్పుడు నాయన కొనిచ్చిన ఆ బస్సు అమ్ముడైతే తప్ప కొత్త మోటారు రాదు. పుణెలో ఒకాయన కొంటానన్నాడు గానీ, ఇవాళ సరైన ఫొటో పెట్టకపోతే బేరం రద్దని ఆ వెబ్‌సైటు కంపెనీ చెప్పేసింది. ఆ సంగతి తేల్చుకుందామనే వచ్చింది. ఆయన మాట్లాడనిస్తేగా.

"నాకు నాణ్యత నేర్పుతారా వెధవలు," అని మొదలుపెట్టాడు మూర్తి. "ఫ్లాష్ లేదు, ఏమీ లేదు, కిటికీ వెలుతురులో ఒక్క క్లిక్కు. చక్రాల నట్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. అది సరిగ్గా లేదన్నారు. నాకు తిక్క రేగింది. స్టూడియో నాటి పాత లెన్సు బయటికి తీశాను. ఈసారి ఏం పడిందనుకున్నారు? ఆ రేకు మీద రంగుతో వేసిన డ్రైవరున్నాడే, వాడి చొక్కా జేబులో బీడీ కట్ట కనబడింది."

"ఏం బీడీలు సార్?" అన్నాడు ఆటో రాజనర్సు, నవ్వు ఆపుకుంటూ.

కట్ట మీది పేరు కూడా చదవొచ్చు, నీ కళ్లజోడు మార్చుకో అని కసిరాడు మూర్తి. "అది పంపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బెంగళూరులో వాళ్లాఫీసులో ఒకమ్మాయి ఫొటో తెరిచిందట, గదంతా డీజిల్ వాసన. దగ్గలేక చచ్చారు. ఇద్దరైతే బస్సొచ్చిందనుకొని బ్యాగులు తగిలించుకొని నిలబడ్డారు."

అక్కడితో ఆగితే ఆయన మూర్తి ఎందుకవుతాడు. ఆ ఫొటో ఉన్న ఫోను జేబులో వేసుకొని మొజంజాహీ మార్కెట్ చౌరస్తా దాటుతుంటే ట్రాఫిక్ కెమెరా పట్టేసిందట, రాంగ్ సైడులో బస్సు నడిపినందుకు ఇంటికి చలానా వచ్చిందట. గౌలిగూడ పోవాలని ఒక ముసలామె ఆయన జేబు పట్టుకొని వేలాడిందట. ఇది ఫొటో తల్లీ అంటే వినకుండా, ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా అని ఆధార్ కార్డు తీసి చూపించిందట.

"చివరికి కంపెనీ పెద్దమనిషే ఫోను చేశాడు. అయ్యా మూర్తిగారూ, మీరింత క్లియర్‌గా తీస్తే జనం తెరలో చెయ్యి పెట్టి బస్సును లాక్కుపోతున్నారు, మేం మునిగిపోతాం అని ఏడ్చాడు. అందుకే తిప్పిపంపారు. ఓర్వలేక." బెంచీ మీద గుద్దాడు. రాజనర్సు గ్లాసు ఒలికింది.

అందరూ పగలబడి నవ్వారు. స్వర్ణకు మాత్రం ఇక ఓపిక లేకపోయింది.

"గంత సాఫ్‌గ తీసిన్రు గదా సార్. బస్సుకున్న సొట్ట ఏది? తుప్పు ఏది?"

తీసేశానన్నాడు మూర్తి గర్వంగా. కంప్యూటరు ముందు కూర్చుని, నడుము పడిపోయేదాకా ఒక్కొక్క మచ్చా తుడిచాడట.

"గదే గదా కంపెనోళ్లు వద్దంటున్నది. ఉన్న దెబ్బ కనబడకుంటె ఫొటో చెల్లదని మొదటి దినం నుంచి చెప్తనే ఉన్నరు."

మూర్తి గొంతు పెరిగింది. "మచ్చ చూపించమని నాకు చెబుతారా? ఆబిడ్స్‌లో నా స్టూడియో మెట్లెక్కిన ఏ మొహం మీదా మచ్చ కనబడనివ్వలేదు నేను. పెళ్లిచూపులకు ఫొటో అంటే మూర్తి దగ్గరికే పొమ్మనేవాళ్లు."

"ఔ సార్. నాది గూడ మీరే తీసిన్రు," అంది స్వర్ణ.

చిన్నప్పుడు వేడి గంజి మీద పడి కాలిన ఎడమ చెంపను బండి లైటు వైపు తిప్పింది.

"ఆ ఫొటో చూసి మురిసి వచ్చినోళ్లు, నన్ను చూసి చాయ్ గూడ ముట్టకుండ లేచిపోయిన్రు. మోసం చేసినవని మా నాయనను నలుగురిల తిట్టిన్రు. మీరు ఒక్క మచ్చ తుడిచిన్రు, మా నాయన మళ్ల ఎవ్వరికి నా ఫొటో పంపలే."

స్వర్ణ మూర్తి సంచిలోంచి బస్సు తీసి, సొట్ట ఉన్న పక్క పైకి వచ్చేలా బెంచీ మీద పెట్టింది.

"తియ్యుండ్రి సార్. గీ సొట్ట మంచిగ కనబడాలె."