కంటిలోని ఇనుపరజను

పిత్తనాళాల ఎమ్మారై స్కానింగుకై పొద్దుటినుండి పస్తున్న అన్నకు ఒక కన్ను మసక. అందుచేత ఆసుపత్రివారిచ్చిన ప్రశ్నల కాగితాన్ని తమ్ముడే చదివి పూరిస్తున్నాడు.

"గుండెలో యంత్రమేమైనా పెట్టారా?"

"లేదురా."

"కంట్లో ఎప్పుడైనా ఇనుపరజను..."

"ఆగావేం? పడలేదని రాయి."

"అన్నయ్యా! లోపల పెద్ద అయస్కాంతం ఉంటుందట. ఆ ముక్క కదిలిందంటే ఉన్న చూపూ పోతుంది."

"ఏ ముక్క? సానయంత్రం దగ్గర నా కంట్లో ఏమీ పడలేదని కార్ఖానా యజమానితో చెప్పింది నువ్వే కదా! అప్పుడు మా మేస్త్రీవి. నీ మాటే వేదమైంది, నాది అబద్ధమై పని ఊడింది."

"కళ్ళద్దాలివ్వకుండా పని చేయించింది నేనే. నిజం చెబితే నన్నూ గెంటేవాడు. అప్పటికి నా పిల్లలు చిన్నవాళ్ళు."

"నా పిల్లలు గడ్డాలతో పుట్టారా?"

తమ్ముడు 'పడింది' అని రాసి, కింద సంతకం చేశాడు.

"ముందు కంటికి ఎక్స్‌రే తీస్తారు. స్కానింగు ఆ తరవాతే, అన్నయ్యా."

"తీయనీ. ఇరవై ఏళ్ళకు సాక్ష్యం చెప్పావు నాయనా! వినవలసినవాడు పోయి పదేళ్ళయింది."