ఓడినవాడి సంతకం

బజారు దుకాణాల సంఘానికి కొత్త అధ్యక్షుడెవరో తేలిపోయింది. తేలినా లాభం లేదు, ఒక్క ఓటుతో గెలిచిన గడియారాల రిపేరువాడు, ఎన్నిక జరిపించిన టీచరమ్మ ఎదుటే, ఓడిపోయిన సైకిల్ షాపు బావను ఓట్లు లెక్కపెట్టిన గది దాటనివ్వడం లేదు.

“ఒక్క సంతకం బావా. మళ్ళీ లెక్కపెట్టమని అడుగు, చాలు.”

“నువ్వే అడుగు.”

“గెలిచినవాడు అడగకూడదట. ఓడినవాడే అడగాలట. ఇదెక్కడి న్యాయం టీచరమ్మా?”

“నిబంధన అంతే నాయనా. ఓడి ఏడ్చేవాళ్ళని చూశాను గానీ, గెలిచి ఏడ్చేవాణ్ణి నిన్నే చూడటం. త్వరగా తేల్చుకోండి, నేను పెట్టెకి సీలు వెయ్యాలి.”

“విన్నావుగా. పెట్టు బావా.”

“పెట్టను. ఓడాను, ఒప్పుకున్నాను. మళ్ళీ లెక్కంటే టీచరమ్మని అనుమానించినట్టు కాదూ?”

“నన్ను మధ్యలోకి లాగకండి.”

“ఒక్క ఓటు తేడా బావా. రెండు కాగితాలు అతుక్కుపోయి ఉండొచ్చు. మళ్ళీ చూస్తే తప్పేంటి?”

“అదే నేను ఒక్క ఓటుతో గెలిచుంటే, మళ్ళీ చూద్దాం అనేవాడివా?”

“అప్పుడెందుకు?”

“అదీ సంగతి. నీకు నచ్చిన అంకె వచ్చేదాకా లెక్కపెడుతూనే ఉండాలి. దాన్ని న్యాయం అనరు, పంతం అంటారు.”

“పంతం కాదు, భయం. పోటీ లేకపోతే బాగోదు, ఊరికే నిలబడరా అన్నదెవరు? నువ్వే. కొరివితో తల గోక్కున్నాను. ఇక మురుక్కాలవ పొంగినా నేనే, నీళ్ళ మోటారు కాలినా నేనే. మందుల షాపాయనా బేకరీ ఆయనా మెట్ల దగ్గర కొట్టుకున్నా నేనే. వెంట్రుకంత స్ప్రింగు పట్టుకుని పనిచేసేవాణ్ణి బావా, నాకు నిశ్శబ్దం కావాలి.”

“అలవాటైపోతుందిలే.”

“నీకు అలవాటైందా?”

“ఆ... ఇప్పుడవన్నీ ఎందుకు?”

“మాట దాటెయ్యకు. ఇన్నేళ్ళూ నువ్వు కూర్చున్న కుర్చీ. అది లాక్కున్నానని తెలిస్తే అక్క నన్ను గుమ్మం ఎక్కనిస్తుందా?”

“మీ అక్క ఏమీ అనదు.”

“అనదా? నీకేం తెలుసు?”

“తెలుసు. టీచరమ్మా, సీలు వేసెయ్యండి.”

“వెయ్యకండి, వెయ్యకండి. ఒక్క నిమిషం.”

“మీ బావాబావమరుదుల సరసాలు ఇంట్లో చూసుకోకూడదూ? లక్క కరిగి కూర్చుంది.”

“బావా, సిగ్గు విడిచి చెప్తున్నాను. లెక్క ఎక్కడో తప్పింది. నేను గెలవడానికి వీల్లేదు.”

“ఎందుకు వీల్లేదు?”

“ఎందుకంటే... నా ఓటు కూడా నీకే వేశాను.”

“తెలుసురా.”

“తెలుసా?”

“తెలియకేం. నువ్వు నాకేస్తే, నేను నీకేస్తే చెల్లుకు చెల్లు. అందుకే మీ అక్క టైలరింగ్ షాపు మూయించి మరీ తనని తీసుకొచ్చి, తన ఓటు కూడా నీకే వేయించాను.”