చారాణ బిళ్ళ

చర్ల దాటాక పోడు చేల అంచున, బసవపున్నయ్య సేటుకు జంపయ్య నడిపే టైర్ల ప్రొక్లెయిన్ నిన్నటి నుంచి మొండికేసి నిలబడింది. దాన్ని చూడడానికి మణుగూరు నుంచి మెకానిక్ రవీందర్ వచ్చాడు. వస్తే రవీందరే రావాలని పట్టుబట్టి పిలిపించుకున్నవాడు జంపయ్యే.

"సెంటర్ జాయింటే పోయిందన్నా. నేను జెప్తున్న గద."

"నువ్వు జెప్పుడు తర్వాత. ముందుగాల నేనడిగింది జెప్పు, జంపా. ఇంజన్ స్టార్టయితున్నదా?"

"అయితున్నది."

"బూమ్? బకెట్?"

"అన్నీ లేస్తున్నయ్. పైభాగం గిర్రున తిరుగుతున్నది గూడ. నడుస్తలేదు, గంతే. ముందుకు లేదు, ఎనుకకు లేదు."

"నాలుగడుగులు పోయి ఆగిందా, అసలే కదల్లేదా?"

"అసలే... ఆ, అసలే కదల్లే."

"గంతసేపు ఆలోచన చేస్తున్నవేంది?"

"ఎండల కూసొని కూసొని బుర్ర పనిచేస్తలేదన్నా."

"గేరు న్యూట్రల్ల వడ్డదేమో సూసినవా?"

"సూసిన. గేర్లనే ఉన్నది."

"పార్కింగ్ బ్రేకు?"

"తీసే ఉన్నది. అవన్నీ సూసినంకనే నీకు ఫోన్ కొట్టిన."

"సరె, పైకెక్కు. స్టార్ట్ జెయ్. ముందుగాల స్టీరింగ్ ఇటు తిప్పు... అటు తిప్పు... మంచిగ తిరుగుతున్నది. ఇగ గేరేసి పెడల్ తొక్కు. నేను పక్కకు నిలవడి షాఫ్ట్ సూస్త. తొక్కినవా?"

"తొక్కిన!"

"గట్టిగ తొక్కు!"

"గట్టిగనే తొక్కుతున్న! ఇంకేం తొక్కాలె, కాలు కిందికి దిగేటట్టున్నది!"

"చాలు, ఆపు. దిగి ఇటు రా. ఇంజన్ సప్పుడు ఇన్నవా?"

"ఇన్న. మంచిగనే ఉన్నది."

"మంచిగున్నదనే అడుగుతున్న. బ్రేకు పట్టేస్తె సప్పుడెట్లుంటది? నీకు నేర్పిన గద."

"లోడ్ వడి మూలుగుతది."

"మరి ఇది మూలిగిందా? పెడల్ తొక్కినా ఒక్కటే, తొక్కకున్నా ఒక్కటే. షాఫ్ట్ ఇంచు గూడ తిరగలే. నడిపే మోటర్ దాకా ఆయిల్ పోతనే లేదు."

"నేననేది గదే. పైనుంచి కిందికి ఆయిల్ దించేది సెంటర్ జాయింటే గద. అది పోయింది. కొత్తది హైద్రాబాద్ నుంచి రావాలె, లేటయితదని బసవపున్నయ్య సేటుకు జెప్పు."

"నేను జెప్పాల్నా?"

"నువ్వు జెప్తె నమ్ముతడు. నేను జెప్తె పని ఎగ్గొడుతున్ననంటడు."

"సెంటర్ జాయింట్ పోతె కింద ఆయిల్ కారాలె. ఆ మన్ను ముట్టుకో."

"ఎందుకన్నా..."

"ముట్టుకో."

"పొడిగనే ఉన్నది."

"స్టీరింగుకు ఆయిల్ ఎందులకెల్లి పోతది?"

"సెంటర్ జాయింట్లకెల్లే."

"మరి స్టీరింగ్ తిరిగింది గద ఇప్పుడే. అన్ని తోవలు సాఫ్‌గున్నయ్, ఒక్క నడిచే తోవనే బందయిందా? జాయింట్ గంత తెలివిగల్లదా?"

"ఏమో అన్నా. మిషన్ గద, దాని మనసుల ఏమున్నదో."

"దాని మనసుల ఏం లేదు గని, ఇగో, ఈ మూత బోల్టులు సూడు. బండంత దుమ్ము, వీటి మీద దుమ్ము లేదు. పాన పట్టిన గీతలు తెల్లగ మెరుస్తున్నయ్. ఎవలు విప్పిండ్రు?"

"ఊర్లె పిలగాండ్లు ఎవలన్న..."

"మీ ఊరి పిలగాండ్లు పంతొమ్మిది నంబర్ పానలు జేబుల వెట్టుకొని తిరుగుతరా?"

"అన్నా, నవ్వకు."

"నవ్వుతలేను. నన్ను మణుగూరు నుంచి ఇంత దూరం గుంజుకొచ్చి అబద్ధమాడుతున్నవ్. ఏంది కథ? జెప్పు."

"జెప్త. ఇటు రా. గా సున్నం గీత కనవడ్తున్నదా?"

"కనవడ్తున్నది. కందకం మార్కింగ్."

"నాకు కందకమని జెప్పలేదన్నా సేటు. ఊరికి కుంట తవ్వుదం, నీ ఊరే గద, నువ్వే నడుపు అన్నడు. నేను ఎగురుకుంట వచ్చి ఇల్లిల్లు తిరిగి జెప్పిన. ఆడోళ్ళు మిషన్‌కు పసుపు రాసిండ్రు. కోడిని గోసిండ్రు. నాకు రెండు ముక్కలు ఎక్కువ ఏసిండ్రు. తెల్లారి లేచి సూస్తె గీత మా నాగక్క చేను నడుమకెల్లి పోయింది. గీత అవతలిదంత అడివేనట. ఇగ ఎవ్వలు కాలు పెట్టొద్దట."

"పోడు భూముల సంగతి ఎప్పటికైనా గింతే గద జంపా."

"ఎప్పటికైనా గాదు. విత్తనం వడ్డ చేనును తవ్వేది లేదని జంగ్లాత్ సారు, గదే ఫారెస్టాయన, అందరి ముందట మాటిచ్చిండు. ఖాళీగున్న భూమిలనే కందకం కొడ్తమన్నడు. మావేమో ఇప్పుడు ఖాళీగున్నయ్."

"విత్తనం సల్లుకోండ్రి మరి. ఎవలు వద్దన్నరు?"

"రేపు విత్తనాల పండుగ గదన్నా. ఇంటింటి గింజలు దేవర కాడ ఒక్కకాడ కలుపుతరు. పూజ అయినంక తలా ఇంత పంచుతరు. గది కాకుంట మా ఊర్లె ఎవ్వలు మన్నుల గింజ ఎయ్యరు. ఎల్లుండి పొద్దుగాల ఊరంత సల్లుతది. అప్పటిదాంక ఈ మిషన్ లేవొద్దు. నేనడిగేది గదొక్కటే."

"అందుకే నన్ను రమ్మన్నవా?"

"వేరేటోడొస్తె పట్టేస్తడు, పట్టేసి సేటుకు జెప్తడు. నువ్వు గూడ పట్టేస్తవని తెలుసు. అయినా నువ్వు జెప్పవు. అడివిల రోడ్డు పనికొచ్చి జ్వరంతోని పడిపోతె మా అక్క నిన్ను మంచం మీద మోయించుకొని చర్ల దవాఖానకు తీస్కపోయింది. మర్శినవా?"

"ఎట్ల మరుస్త."

"ఇగ నాకు రంది లేదు."

"ఆగు. సేటుకు అబద్ధం జెప్పాల్నంటె ముందుగాల నాకు నిజం తెలియాలె. ఈ మూత కింద ఇరవై పైపులున్నయ్. దేనికి పెట్టినవ్?"

"పెడల్ కాడ్నుంచి వాల్వుకు పోయే సన్నపైపుకు. పెడల్ తొక్కినట్టు వాల్వుకు తెల్వదు. వాల్వు తెరుచుకోదు."

"అందుకే ఇంజన్ మూలుగలే. దేంతోని మూసినవ్?"

"చారాణ బిళ్ళతోని. పావలా నట్టుల పెట్టి బిగిస్తె కొలిచినట్టు పట్టింది. నువ్వే నేర్పితివి గద, ఏ తోవల తప్పున్నదో తెల్వకుంటె ఒక్కో పైపు మూసి సూడుమని."

"తప్పు దొరకవట్టటానికి నేర్పిన. తప్పు వెట్టటానికి గాదు."

"తప్పు నేను వెట్టలేదన్నా. గా గీత గీసినోళ్ళు పెట్టిండ్రు."

"జంపా! ఎవలతోని మాట్లాడుతున్నవ్? ఓ, రవీందర్ తమ్ముడా! ఎంత చిక్కినవ్ తమ్మీ."

"దండం నాగక్కా. మంచిగున్నవా?"

"మంచి ఏడున్నది. ఇగో, జావ తెచ్చిన, ముంత పట్టు. తాగుకుంట నాకొక్క మాట జెప్పు. అక్కడ పెద్దలు కూసున్నరు. పండుగ ఆపి ఇయ్యాలనే సల్లుదమని సగం మంది. అట్ల జేస్తె దేవర ఊకోదని సగం మంది. మిషన్ లేచేటట్టుంటె ఇయ్యాలనే సల్లుండ్రి, దేవరకు తప్పు తాను కట్టుకొని దండం వెట్టుకుంటనని పూజారి అంటుండు. లేస్తదా ఇది, లేవదా?"

"లేవదక్కా. పండుగ మంచిగ చేసుకోండ్రి."

"నువ్వు జెప్పకు జంపా. కుంట తవ్వుతుండ్రని జెప్పింది నువ్వే గద. నీ నోటి మాట ఇప్పుడు ఊర్లె ఎవలు ఇంటరు? తమ్ముడు జెప్పాలె. తమ్మీ, లేస్తదా?"

"లేవదు అక్కా. లోపల సామాను పోయింది. పట్నం నుంచి రావాలె."

"ఎల్లుండి దాంక రాదు గద?"

"రాదు."

"నా మీద ఒట్టా?"

"నీ చేతి జావ తాగుతున్న గదక్కా. గీ జావ మీద ఒట్టు."

"చాలు తమ్మీ. కడుపు సల్లవడ్డది. ఇండ్లల్ల గింజలన్నీ దేవర కాడికి తెచ్చే ఉన్నయ్, పోయి కలుపుమంట. రేపు నువ్వు గూడ పండుగకు ఉండు."

"సూస్తనక్కా."

"అన్నా... నీ బాకీ ఎట్ల తీర్చుకుంటనో. అక్క నడక సూడు, పొద్దటి సంది కాళ్ళీడ్చింది, ఇప్పుడు ఉరుకుతున్నది."

"సరె సరె. పాన అందియ్యి. బిళ్ళ తీస్త."

"తీస్తవా? ఎందుకు?"

"చారాణ బిళ్ళతోని ఎంతసేపు ఆగుతది? పైపు పగిలి ఆయిల్ చిమ్ముతది. అప్పుడు ఎవడొచ్చి సూసినా నువ్వు దొరుకుతవ్. నా డబ్బాల పైపు మూసే ఇనుప డమ్మీ ఉన్నది, అది ఏస్త. దానికంటె ముందు బండిని ఎనుకకు తీసి రోడ్డెక్కియ్యి."

"నడుపాల్నా? సప్పుడయితది గద."

"ఇక్కడ మెత్తటి నేల. వాన వడితె ఇరుసు దాంక దిగవడ్తది. దీన్ని లేపనీకె సేటు ఇంకో మిషన్ తోలుతడు. గదే కందకం గూడ కొడ్తది. గట్ల గావాల్నా?"

"వద్దు వద్దు."

"మరి ఎక్కు. ఇగో, అరగంట గుంజితె ఊడింది నీ బిళ్ళ, పట్టు."

"నువ్వే ఉంచుకో అన్నా, యాదికుంటది."

"ఎక్కు జల్దీ."

"స్టార్టయింది. ఎనుకకు తొక్కుతున్న... వస్తున్నదా?"

"వస్తున్నది. ఇంజన్ జర మూలిగింది ఇన్నవా? గిట్ల మూలగాలె. చాలు. ఇప్పుడు ముందుకు."

"ముందుకెందుకు? రోడ్డు ఎనుక ఉన్నది గద."

"రెండు దిక్కుల సూడాలె. ముందుకు రా. ఇంకొంచెం. ఇంకొంచెం."

"అన్నా, గీత కాడికి వచ్చిన."

"అవ్. ఆపు. బ్రేకెయ్. దిగు."

"తాళం..."

"దాన్కే ఉండనియ్యి. దిగు జంపా."

"డమ్మీ ఏది మరి? నీ చేతుల ఏం లేదు. ఏయ్, నువ్వెందుకు ఎక్కుతున్నవ్? అన్నా!"

"జరుగు. డోరుకు అడ్డం నిలవడకు. సేటు నన్ను రిపేరుకు పంపలే. నడుపుమని పంపిండు."

"ఏందీ?"

"నువ్వు నిన్న చర్ల ఎస్టీడీకెల్లి ఫోన్ కొట్టి, బూమ్ లేస్తది, స్టీరింగ్ తిరుగుతది, ఇంజన్ మూలుగది, నడువది అంటివి. అప్పుడే సమజయింది, ఇది నువ్వు జేసిన పనేనని. ఏ పైపో ఒక్కటి తెల్వలే."

"సేటుకు..."

"నేనే జెప్పిన."

"ఇందాక ఏం తెల్వనట్టు అన్నీ మొదటి సంది అడిగితివి గద!"

"నీ నోట్లకెల్లి రావాలె గద. ఇప్పలేక ఇప్పలేక ఒక్కొక్క పైపు ఇప్పితె పొద్దు గూకుతది."

"మా అక్క ముందట ఒట్టేసినవ్. జావ తాగుకుంట ఒట్టేసినవ్ రా!"

"ఏం జెయ్యమంటవ్? నిజం జెప్తె పండుగ ఆపి ఇయ్యాలనే సల్లేటోళ్ళు. నేను గాకుంటె ఇంకోడొస్తడు, ఇంకోడు గాకుంటె ఇంకోడు. కందకం ఆగేది లేదు. మణుగూరుల నా షెడ్డు మూతవడ్డది. ఈ సీటు ఇగ నీదే అన్నడు సేటు."

"నా సీటా?"

"నీదే. ఇగ పక్కకు జరుగు, బకెట్ దించాలె."

"జరుగ! అక్కా! ఓ నాగక్కా! ఉరికి రాండ్రి! పండుగ లేదు ఏం లేదు, గింజలు తేండ్రి! చేతికెన్నొస్తె అన్ని సల్లుండ్రి!"

"సప్పుడు ఇనే ఉరికొస్తున్నం రా! లేవదన్న మిషన్‌ను నువ్వే కూసొని నడుపుతుంటె ఊరంత సూసింది."

"నేను గాదక్కా... నడిపింది నేనే, గని... తర్వాత జెప్త, ముందుగాల గింజలు తే! బకెట్ మన్నుల దిగకముందే సల్లుండ్రి, దేవరకు నేను తప్పు కట్టుకుంట!"

"గింజలు ఏడియిరా? ఇండ్లల్ల ఒక్క గింజ లేకుంట ఊడ్చుకపోయి దేవర కాడ కలిపినం. పూజారి గుడి మూసి చుట్టూ ముగ్గేసిండు, రేపటిదాంక ఎవ్వలు దాటరు. నీ మాట మీద గాదు జంపా, గా సీట్ల కూసున్నాయన ఒట్టు మీద కలిపినం."