పది హార్సు మోటారుకు పాత కేబుల్

వేంపల్లె బజారులోని ఎలక్ట్రికల్ షాపుకు వచ్చి ఒకామె కేబుల్‌కు చుట్టే నల్లటేపు అడిగింది. పోయిన వారం ఆమె భర్తకు పది హార్సు మోటారు అమ్మిన షాపతను టేపు తీయబోయి ఆగాడు.

“టేపు దేనికమ్మా?”

“కేబుల్ కాల్తాండాదన్నా. చెయ్యి పెట్టేకి అయితాలేదు.”

“కొత్త కేబుల్ కాలడమేంది?”

“కొత్తది యాడిదన్నా! ఐదు హార్సు మోటారుకు ఉన్న పాతదే దీనికీ తగిలించినారు.”

మోటారు అమ్మేటప్పుడు కేబుల్ సంగతి తను అడగనే లేదు.

“అది రెండున్నర ఎం.ఎం.దమ్మా. దీనికి కనీసం ఆరు ఎం.ఎం.ది ఉండాల. సన్న తీగలో అంత కరెంటు పారితే కాలకేమైతాది? మోటారుకు పోంగ మిగిలిన పొడుగు తెంపినారా?”

“తెంపల్యా. చుట్ట చుట్టి, ఎద్దుల మేతకు పేర్చిన శెనక్కట్టె వామి కిందికి తోసినాం.”

“అయ్యో! చుట్ట ఇంకా కాలి వామి అంటుకుంటాది! కరెంటు ఎన్నింటికి ఇస్తారు?”

“పన్నెండుకు. ఆటోమేటిక్ స్టార్టరన్నా, మోటారు దానంతటదే ఆడతాది.”

పన్నెండుకు ఇంకా ఐదు నిమిషాలే ఉన్నాయి. అతను ఫోను ఆమె చేతికిచ్చాడు.

“మీ ఆయన సెల్లుకు చెయ్యి. ముందు ఫీజులు పీకమను.”

ఫోను చాలాసేపు మోగింది. భర్త ఎత్తగానే ఆమె ఆ ఒక్క మాటే చెప్పి, ఫోను చెవి నుంచి తీయకుండా నిలబడింది.

“పీకినాడన్నా. వామి అడుగున చూస్తే, ఈ వారం వేడికే కట్టె నల్లగా మాడి ఉండాదంట.”

ఆమె ఫోను తిరిగిచ్చింది.

“ఆ ఆరు ఎం.ఎం. కేబులే ఇయ్యన్నా, తీస్కపోతా.”

“ఇచ్చేది తర్వాతమ్మా. ముందు నేనొచ్చి నా కండ్లతో చూడాల,” అంటూ అతను షట్టర్ దించాడు.