నూనె తలకు వేడిగాలి బ్రష్

నారాయణపేటలో నేను విన్న ఈ మాటల్లో ఒక్క ముక్క కల్పన లేదు. తన అన్న దుబాయి నుంచి భార్యకు పంపిన, గిరగిర తిరుగుతూ తడి జుట్టు ఆరబెట్టే వేడిగాలి బ్రష్‌ను మరదలు తల వంచుకుని వదిన ముందు పెట్టింది.

“వదినా, గిది నీ చేతిల కాలిపోలేదు. నేనే పాడు చేసిన.”

“నువ్వా? ఎట్ల?”

“నువ్వు లేనప్పుడు ఆముదం తలకు పెట్టి తిప్పిన. జుట్టంత చుట్టుకొని పొగ లేసింది.”

“వేడిగాలికి ఆముదం తలనా?”

“నూనె లేని తలతోని కనవడితే అవ్వ తిడ్తది గద!”

“మరి మీ అన్న ఫోన్ల నన్ను తిడ్తుంటే పక్కనే నిలవడి ఎందుకు ఊకున్నవ్?”

“భయమైంది. ఇయ్యాల అన్నకు నేనే చెప్త వదినా.”

వదిన ఫక్కున నవ్వి మరదలిని దగ్గరకు తీసుకుంది.

సరే, ఒప్పుకుంటాను, ఆ నవ్వు నా కల్పనే. నిజానికి వదిన బ్రష్‌ను అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.